శనివారం బ్రంచ్‌కి 425 దిర్హాంలు కట్టా, ఒక్క పాట కూడా సరిగ్గా వినలా (దుబాయ్)

కొత్తగూటి_పిట్ట
దుబాయ్ వచ్చి ఎనిమిది నెలలు. ఉండేది అల్ బర్షాలో, ఒక్కదాన్నే. మా ఆఫీసులో గురువారం మధ్యాహ్నం అయిందంటే చాలు, ఈ శనివారం ఏ బ్రంచ్ అన్న మాట తప్ప ఇంకోటి వినపడదు. నేను ఏదో ఒక వంక చెప్పి తప్పించుకుంటూ వచ్చా, మొన్న మాత్రం వెళ్ళా. కారణం ఒక్కటే, వాళ్ళు పెట్టిన పోస్టర్‌లో "లైవ్ బ్యాండ్" అని పెద్ద అక్షరాల్లో ఉంది. నాకు పాటంటే ప్రాణం, చిన్నప్పుడు ఆరేళ్ళు వయొలిన్ నేర్చుకున్నా, ఇక్కడికొచ్చాక మనిషి ఎదురుగా కూర్చుని వాయిస్తుంటే విన్నది లేదు.

ఒంటిగంట నుంచి నాలుగు దాకా హౌస్ ప్యాకేజీ, అంటే తిండీ మద్యమూ కావాల్సినంత, 425. బ్యాండ్ వచ్చింది, ఇరవై నిమిషాలు పాడింది, వెళ్ళిపోయింది. ఆ తర్వాత అంతా డీజే. పక్కన కూర్చున్నమ్మాయి పేరు మూడుసార్లు అడిగా, మూడుసార్లూ వినపడలా, నాలుగోసారి అడగడానికి మొహమాటపడి నవ్వి ఊరుకున్నా. కాక్‌టెయిల్స్ మూడు తాగా, రంగులు వేరు రుచి ఒకటే, పంచదార పాకం. అయిదింటికి ఇంటికొచ్చి తలుపేసుకున్నాక ఆ నిశ్శబ్దం మీద పడినట్టయింది. వెళ్ళకముందు కూడా అంత ఒంటరిగా అనిపించలేదు.

నేనడిగేది ఇదే. మంచి పాట, మాటలు వినపడేంత శబ్దం, ఒకటో రెండో సరిగ్గా కలిపిన కాక్‌టెయిల్, ఇలాంటి బ్రంచ్ ఈ ఊళ్ళో ఉందా? లేక పాట కోసం బ్రంచ్‌కి వెళ్ళడమే నా తప్పా?

కరామా_కిరణ్
425 అంటే నాకు నెల సరుకులు. బ్రంచ్‌లు మానేసి మద్యం లైసెన్స్ తీసుకుని షాపులో బాటిల్ తెచ్చుకో, మంచి స్పీకర్ కొనుక్కో, నీకు నచ్చిన పాట నచ్చినంత సౌండ్‌లో విను. సమస్య అయిపోయింది

రెడ్‌లైన్_రాజా
కిరణ్ బ్రో ఆ అమ్మాయి ఒంటరితనం గురించి అడిగితే నువ్వు స్పీకర్ కొనుక్కోమంటావేంటి

జేఎల్‌టీ_జ్యోతి
పిట్టా, తప్పు నీది కాదమ్మా. ఇక్కడ "బ్రంచ్" అన్న ఒక్క మాట కింద నాలుగు రకాల వ్యవహారాలు నడుస్తాయి, కొత్తగా వచ్చినవాళ్ళకి ఆ తేడా ఎవరూ చెప్పరు. నేను వచ్చి పదమూడేళ్ళు. అప్పట్లో శుక్రవారం బ్రంచ్, వారాంతం శుక్ర శని కాబట్టి. 2022 జనవరి 1 నుంచి శుక్రవారం సగం పని రోజై, శని ఆదివారాలు సెలవయ్యాక మొత్తం కథ శనివారానికి మారింది. శుక్రవారం రాత్రి ఈవెనింగ్ బ్రంచ్ అని కూడా మొదలెట్టారు, బ్రేక్‌ఫాస్ట్‌కీ లంచ్‌కీ మధ్యది కదా బ్రంచ్ అంటే అని అడగకండి, ఇక్కడ రాత్రి 8కి కూడా బ్రంచే.

ఇప్పుడు రకాలు చెప్తా. ఒకటి పార్టీ బ్రంచ్, నువ్వు వెళ్ళింది అదే, అక్కడ జనం వచ్చేది డాన్స్‌కి. రెండోది ఫ్యామిలీ బ్రంచ్, పిల్లల మూల, బుడగలు, ముఖాలకి రంగులు. మూడోది తిండి బ్రంచ్, పెద్ద హోటళ్ళ బఫే, మూల ఎక్కడో ఒక పియానో. నాలుగోది చిన్న రెస్టారెంట్లలో టేబుల్ దగ్గరికి ప్లేట్లు తెచ్చే రకం, అరవై డెబ్భై మంది పట్టే హాలు, ఒక ట్రయో, అంటే ముగ్గురు వాయించే చిన్న బ్యాండ్. నీకు కావాల్సింది ఈ నాలుగోది. అయితే వీటి పోస్టర్లు అంత మెరవవు, వెతుక్కోవాలి.

షార్జా_శీను
నాలుగో రకానికి నేను వెళ్తుంటా, సాఫ్ట్ ప్యాకేజీ, అంటే మద్యం లేనిది

రెడ్‌లైన్_రాజా
సాఫ్ట్‌కి ఒక ఓటు. నేను అసలు తాగను, మూడేళ్ళుగా స్నేహితులతో వెళ్తున్నా. చాలా చోట్ల సాఫ్ట్‌కీ హౌస్‌కీ వంద నూట యాభై తేడా ఉంటుంది, అదే పాట అదే తిండి అదే కుర్చీ. ఒకప్పుడు మాక్‌టెయిల్ అంటే జ్యూస్‌లో సోడా పోసి ఇచ్చేవాళ్ళు, ఇప్పుడు కొన్ని చోట్ల దానిమ్మ, ఏలకులు, పొగబెట్టిన దాల్చినచెక్క లాంటివి వేసి శ్రద్ధగా చేస్తున్నారు

కరామా_కిరణ్
రాజా, నేను చెప్పింది డబ్బు గురించి. వెళ్ళాలంటే వెళ్ళనీ, కానీ 425 కట్టి మూడు డ్రింకులు తాగి వచ్చావంటే ఒక్కోటి 140 పడ్డట్టు. కట్టాక పూర్తిగా రాబట్టుకోవాలి, కనీసం ఆరేడు తాగితేనే గిట్టుబాటు

మాత్రల_మాధవి
కిరణ్, ఈ గిట్టుబాటు లెక్క ఇక్కడితో ఆపేద్దాం, ఫార్మసీలో పని చేసేదాన్నిగా నా లెక్క ఒకటి చెప్తా. స్ప్రిట్జ్ అనే కాక్‌టెయిల్‌లో 90 ఎంఎల్ ప్రొసెక్కో (బుడగల వైన్), 60 ఎంఎల్ అపెరోల్ (నారింజ రుచి మద్యం) అనుకుందాం, రెండూ 11 శాతం చుట్టూ ఉంటాయి, అంటే దాదాపు 13 గ్రాముల ఆల్కహాల్. నెగ్రోనీ అనే కాక్‌టెయిల్ అయితే జిన్, కాంపారీ, స్వీట్ వెర్మూత్ అనే మూడు మద్యాలూ సమానం, 30 చొప్పున పోస్తే 19 గ్రాముల దాకా వస్తుంది, గ్లాసు చూడ్డానికి చిన్నదే. మన కాలేయం గంటకి సుమారు 7 నుంచి 10 గ్రాములే కరిగిస్తుంది. అయిదు స్ప్రిట్జ్‌లు అంటే 65 గ్రాములు. ఒంటిగంటకి మొదలెడితే అది పూర్తిగా పోయేసరికి రాత్రి తొమ్మిది. ఏడు తాగితే అర్ధరాత్రి దగ్గర పడుతుంది. కాఫీ తాగినా చన్నీళ్ళు పోసుకున్నా ఈ లెక్క ఒక్క నిమిషం కూడా ముందుకి జరగదు.

ఇక్కడ తాగి బండి నడపడంలో కొంచెం వరకు పర్లేదు అన్న మాటే లేదు, సున్నా. 2025 మార్చి చివర్లో అమల్లోకొచ్చిన ట్రాఫిక్ చట్టం ప్రకారం 20,000 నుంచి లక్ష దిర్హాంల దాకా జరిమానా, జైలు, లేదా రెండూ. నాలుగింటికి బ్రంచ్ అయి, ఏడింటికి "ఇప్పుడు బాగానే ఉన్నా" అని తాళం తీసేవాళ్ళని చూశా, నాకు గుండె దడ.

కరామా_కిరణ్
మాధవిగారూ ఆ లెక్క నిజంగా తెలీదు. తొమ్మిది దాకానా. సరే నా ఆరేడు మాట వెనక్కి తీసుకున్నా

బేస్‌గిటార్_బాబ్జీ
నేను పగలు ఐటీ, వారాంతాల్లో ఒక చిన్న బ్యాండ్‌లో బేస్ వాయిస్తా, ఈవెంట్లకి సౌండ్ కూడా చూస్తుంటా, కాబట్టి పాట సంగతి నేను చెప్తా. పిట్టగారు పక్కమ్మాయి పేరు వినపడలేదన్నారు చూడండి, అక్కడుంది అసలు విషయం. మనం మామూలుగా మాట్లాడుకుంటే 60, 65 డెసిబెల్స్. పార్టీ బ్రంచ్‌లో నేను స్వయంగా కొలిచింది 97. పని చోట్ల చెవి భద్రతకి వాడే లెక్క ప్రకారం 85 డెసిబెల్స్‌ని ఎనిమిది గంటలు తట్టుకోవచ్చు, అక్కణ్ణుంచి ప్రతి 3 పెరిగితే టైం సగమవుతుంది. 88కి నాలుగు గంటలు, 91కి రెండు, 94కి ఒకటి, 97కి అరగంట. మూడు గంటల బ్రంచ్ 97లో కూర్చుంటే ఇంటికొచ్చాక చెవుల్లో గుయ్‌మని మోత రాదా మరి. పిట్టగారికి మీద పడ్డట్టు అనిపించిన నిశ్శబ్దంలో సగం ఆ అలసిపోయిన చెవులదే అయ్యుండొచ్చు, మిగతా సగం గురించి నేను చెప్పలేను.

బుక్ చేసేముందు ఫోన్ చేసి ఇవి అడగండి. బ్యాండ్ ఎన్ని సెట్లు వాయిస్తుంది, ఒక్కోటి ఎంతసేపు? 45 నిమిషాల సెట్లు రెండు అంటే మంచిది, "ఉంటుంది మేడమ్" అని దాటేస్తే అది ఇరవై నిమిషాల వ్యవహారమే. డ్రమ్స్ ఉన్నాయా, డీజే ఎన్నింటికి వస్తాడు? డబుల్ బేస్, పియానో, బ్రష్‌లతో వాయించే డ్రమ్స్ అయితే మీ టేబుల్ మీద మాట మీకు వినపడుతుంది. ఇంక టేబుల్. స్పీకర్ ఎదురుగా వద్దు, గాజు గోడ పక్కన అసలే వద్దు, శబ్దం గాజుకి తగిలి తిరిగి మీ మీదకే వస్తుంది. బ్యాండ్‌కి పక్కగా, దగ్గరగా కూర్చోండి. దూరంగా కూర్చుంటే ప్రశాంతంగా ఉంటుందనుకుంటారు కానీ వాయిద్యాన్ని నేరుగా వినేది దగ్గర్లోనే, దూరంలో మీకు వచ్చేది స్పీకరూ జనం గోలా.

నవంబర్ నుంచి మార్చి దాకా అయితే టెర్రస్ ఉన్నచోటు చూడండి, ఆరుబయట శబ్దం పోయి పోయి కలిసిపోతుంది, లోపల లాగా గదిలో తిరగదు. వేసవిలో ఆ వేడికి టెర్రస్ మాటే వద్దు.

ఇసుక_తుఫాన్
"బ్రష్‌లతో వాయించే డ్రమ్స్" అని ఫోన్‌లో అడిగితే అవతలమ్మాయి పెయింటింగ్ పనేమో అనుకుంటుంది బాబ్జీ అన్నా 😄

బేస్‌గిటార్_బాబ్జీ
అడిగి చూడు, తెలిసినవాళ్ళు వెంటనే నవ్వి మ్యూజిక్ చూసే మనిషికే ఫోనిస్తారు. అలా ఇచ్చారంటే అదే మంచి చోటు

పాతపేపర్_ప్రసాద్
ఒక్క మాట. "బ్రంచ్" అన్న పదం అచ్చులో కనపడింది 1895లో, ఇంగ్లండ్‌లో ఒక వారపత్రికలో. గై బెరింజర్ అనే ఆయన ఆదివారం చర్చి అయ్యాక భారీ భోజనం ఎందుకు, ఆలస్యంగా లేచి తేలిగ్గా మొదలెట్టి తిందాం అని వాదిస్తూ రాశాడు. ఆయన చెప్పిన గొప్ప కారణం ఏంటంటే ఈ భోజనం మనుషుల చేత మాట్లాడిస్తుంది అని. పక్కమ్మాయి పేరు కూడా వినపడని చోటుని నేనైతే బ్రంచ్ అనను

జేఎల్‌టీ_జ్యోతి
ప్రసాద్‌గారూ ఇది బాగుంది, దీన్ని గుర్తుపెట్టుకుంటా

షేకర్_సతీష్
హోటల్ బార్‌లో పని చేస్తా, ఏ హోటలో అడగకండి. పంచదార పాకం సంగతి నేను చెప్పాలి, ఎందుకంటే ఆ జగ్గులు నింపేది మేమే.

లెక్క చూడండి. హాల్లో 200 మంది, మనిషికి సగటున అయిదు డ్రింకులు, మూడు గంటలు, బార్ వెనక నలుగురం. వెయ్యి డ్రింకులు, ఒక్కొక్కరం 250, అంటే ఒక్కో డ్రింక్‌కి 43 సెకన్లు. ఒక్కటి సరిగ్గా షేక్ చేయడానికే పది పదిహేను సెకన్లు పోతుంది, కొలవడం, ఐస్, వడకట్టడం, గార్నిష్ ఇంక ఎప్పుడు? అందుకే పొద్దున పదింటికే పెద్ద డబ్బాల్లో కలిపి పెట్టేస్తాం. పొద్దున పిండిన నిమ్మరసం మధ్యాహ్నం మూడింటికి చేదెక్కుతుంది, ఆ చేదు తెలియకుండా సిరప్ ఎక్కువ పోస్తారు. ఈ పని ఇష్టపడి నేర్చుకున్నవాణ్ణి, అలా పోయాల్సి వచ్చిన రోజు నాకు మనసు బాగుండదు.

కాబట్టి ప్యాకేజీలో అప్పటికప్పుడు గ్లాసులోనే కలిపే డ్రింక్ అడగండి. స్ప్రిట్జ్ అయితే మూడు పాళ్ళు ప్రొసెక్కో, రెండు అపెరోల్, ఒకటి సోడా, ఇందులో పాడు చేయడానికేం లేదు. జిన్ టానిక్ అంతే. టానిక్ బాటిల్ మీ ముందే ఓపెన్ చేయమనండి, ఎవరూ ఏమీ అనుకోరు. బెల్లిని కూడా మంచిదే, వెనిస్‌లో హ్యారీస్ బార్‌లో పుట్టింది, పీచ్ గుజ్జు మీద ప్రొసెక్కో, అంతే. కాకపోతే అడగాల్సింది గుజ్జు పండుదా సిరప్పా అని. సోర్‌లు, మార్గరీటాలు, ఎస్ప్రెస్సో మార్టినీ లాంటి కాక్‌టెయిల్స్ ఫ్రీ ఫ్లోలో (ఎంత తాగినా ఒకే రేటు అన్నచోట) వద్దు, వాటికి తీరిక కావాలి. అవి కావాలంటే మంగళవారం సాయంత్రం ఏడింటికి రండి, బార్ ఖాళీగా ఉంటుంది, స్టూల్ మీద కూర్చుని మీకు ఏం ఇష్టమో చెప్పండి, ఆ రోజు మేం చేసి ఇచ్చేదీ బ్రంచ్‌లో ఇచ్చేదీ ఒకే పేరుతో ఉన్నా ఒకటి కాదు.

ఇంకోటి, సాయంగా చెప్తున్నా. గ్లాసు ఖాళీ కాకముందే నింపేస్తుంటే "నేను అడిగినప్పుడే పోయండి" అని మొదట్లోనే చెప్పేయండి. మాకూ హాయి.

కొత్తగూటి_పిట్ట
సతీష్‌గారూ, మంగళవారం మాట నాకు కొత్త. ఆడపిల్ల ఒక్కతే వెళ్ళి బార్ స్టూల్ మీద కూర్చుంటే ఇబ్బందా?

జేఎల్‌టీ_జ్యోతి
నేను వెళ్తాను. హోటల్ బార్లలో నన్నెవరూ ఇబ్బంది పెట్టలేదు ఇన్నేళ్ళలో. తిరిగి రావడానికి గులాబీ రంగు టాప్ ఉన్న లేడీస్ టాక్సీ యాప్‌లో పిలవచ్చు, నడిపేది ఆడవాళ్ళే. వయసు 21 దాటాలి, ఎమిరేట్స్ ఐడీ దగ్గర ఉంచుకో, అడుగుతారు.

షార్జా_శీను
నా కేసు చెప్తా. అద్దె తక్కువని షార్జాలో ఉంటున్నా, ఉద్యోగం దుబాయ్‌లో. షార్జాలో మద్యం పూర్తిగా నిషేధం. దుబాయ్‌లో తాగి టాక్సీ ఎక్కి షార్జా దిగితే ఆ స్థితిలో దొరికినా తప్పే. మొదటి ఏడాది నాకు ఇది ఎవరూ చెప్పలేదు, ఒకసారి బ్రంచ్ నుంచి టాక్సీలో వెళ్తూ ట్రాఫిక్‌లో గంటన్నర ఇరుక్కున్నా, డ్రైవర్ పాపం పెద్దాయన, నిదానంగా మొత్తం వివరించి "బాబూ నువ్వు నిశ్శబ్దంగా కూర్చో" అన్నాడు. ఇంటికి చేరేదాకా ఊపిరి బిగబట్టుకున్నా. అప్పట్నుంచి సాఫ్ట్ ప్యాకేజీ, దుబాయ్ యూనియన్ స్టేషన్ నుంచి షార్జాకి ఈ303 బస్సు. పాటలో మాత్రం ఏ లోటూ లేదు, నిజానికి ఇప్పుడే బాగా వింటున్నా

రెడ్‌లైన్_రాజా
మెట్రో వాళ్ళకి: శనివారం అర్ధరాత్రి దాకా, శుక్రవారం ఒంటిగంట దాకా ఉంటుంది, ఆదివారం పొద్దున 8కి గానీ మొదలవదు. లోపల తినడం తాగడం చేస్తే 100 ఫైన్. ఆడవాళ్ళ పెట్టెలో పొరపాటున ఎక్కినా మగవాళ్ళకి 100

ఇసుక_తుఫాన్
ఆ రెండో వంద నేను కట్టా. పరిగెత్తి ఎక్కా, గులాబీ గీత చూసుకోలా

మోడరేటర్
చర్చ బాగా సాగుతోంది, ఒక్క జాగ్రత్త. బ్రంచ్‌లో తీసిన వీడియోల్లో పక్క టేబుల్ వాళ్ళు ఉంటే ఇక్కడ పెట్టకండి. అనుమతి లేకుండా వేరేవాళ్ళ ఫొటో పెట్టడం ఇక్కడ చట్టరీత్యా నేరం. నిన్న ఒక వీడియో తీసేశా, పెట్టినాయనకి విడిగా చెప్పా.

ఎడారి_వాన
ఈ థ్రెడ్ మూణ్ణాలుగు రోజులుగా చదువుతున్నా, రాయాలా వద్దా అనుకుంటూ. మా కుటుంబం ఇక్కడ లేదు, నేనొక్కణ్ణే, ఏడేళ్ళు. బ్రంచ్‌లకి వెళ్ళే స్తోమత మొదట్లో లేదు. మా గది దగ్గర్లో ఒక పాత హోటల్, అందులో లాబీ లాంజ్, వారంలో అయిదు రాత్రులు ఒక ఫిలిప్పీన్స్ బ్యాండ్ వాయించేది. ఈ ఊళ్ళో హోటల్ సంగీతంలో చాలా భాగం వాళ్ళ గొంతుల మీదే నడుస్తుంది, ఏ భాష పాటైనా విని పట్టేస్తారు. శుక్రవారం రాత్రి వెళ్ళి ఒక్క డ్రింక్ తీసుకుని రెండు సెట్లు వినేవాణ్ణి. మూడో వారం అనుకుంటా, ఆ పాడే అమ్మాయి బ్రేక్‌లో వచ్చి మీకు ఏ పాట కావాలి అని అడిగింది. నాకు చప్పున ఏమీ గుర్తు రాక, మీకు ఇష్టమైంది పాడండి అన్నా. ఆమె వాళ్ళ భాషలో ఒకటి పాడింది, వాళ్ళమ్మ పాడేదట. మాట ఒక్కటి అర్థం కాలేదు, కళ్ళనీళ్ళు మాత్రం ఆగలా.

రెండేళ్ళు అలా వెళ్ళా. తర్వాత వాళ్ళ కాంట్రాక్ట్ అయిపోయింది, వేరే దేశం వెళ్ళారు. చివరి రోజు నేనూ, నాలాగే ఎప్పుడూ వచ్చే ఇంకో ఇద్దరు, ఒకాయన ఈజిప్ట్, ఒకాయన శ్రీలంక, అందరం కలిసి కేక్ తీసుకెళ్ళాం. అంతవరకూ మేం ముగ్గురం తల ఊపి పలకరించుకోవడమే, మాట్లాడుకున్నది లేదు. ఆ ఇద్దరూ ఇప్పుడు నాకు ఇక్కడున్న దగ్గరి మనుషులు. మొన్న నాకు ఒంట్లో బాగోకపోతే హాస్పిటల్‌లో పక్కన కూర్చున్నది శ్రీలంక ఆయనే.

పిట్టా, వారం వారం కొత్త చోటుకి వెళ్ళొద్దు తల్లీ. ఒకే చోటుకి, ఒకే రోజు, ఒకే టైంకి వెళ్ళు. నాలుగు వారాలు చూడు.

మాత్రల_మాధవి
వానగారూ 🙏

కరామా_కిరణ్
స్పీకర్ కొనుక్కోమన్నది నేనే, అది కూడా వెనక్కి తీసుకుంటున్నా. వాన అన్నా ఆ హోటల్ ఏది, ఇప్పుడు ఎవరు పాడుతున్నారు?

ఎడారి_వాన
ఇప్పుడక్కడ స్పోర్ట్స్ బార్ పెట్టారు. మేం వేరే చోట చేరాం, శుక్రవారాలు.

బేస్‌గిటార్_బాబ్జీ
వానగారు రాసింది చదివి మా బ్యాండ్ వాట్సాప్‌లో చెప్పా. మేం వాయించేటప్పుడు ఎదురుగా ముగ్గురు నిజంగా వింటున్నారంటే ఆ రోజు వాయింపే వేరు. బ్రేక్‌లో వచ్చి ఒక్క మాట చెప్పండి చాలు, పేరు అడగండి. మమ్మల్ని గోడమీద టీవీలా చూసేవాళ్ళే ఎక్కువ

జేఎల్‌టీ_జ్యోతి
బిల్లు సంగతి మర్చిపోకముందు చెప్తా. రేటు చూసేటప్పుడు "అన్నీ కలిపి" అని ఉందో లేదో చూసుకోండి. హోటళ్ళలో సాధారణంగా 10 శాతం సర్వీస్, 7 శాతం మునిసిపాలిటీ ఫీజు, 5 శాతం వ్యాట్. చాలామంది కలిపే చెప్తారు, ఒకచోట నాకు 300 అన్నది బిల్లులో 360 దాటింది, అడిగితే కింద చిన్న అక్షరాలు చూపించారు. ఇక రంజాన్ నెలలో లైవ్ మ్యూజిక్ బాగా తగ్గిపోతుంది, కొన్ని చోట్ల అసలుండదు, ఆ నెల బుక్ చేసేముందు తప్పక కనుక్కోవాలి.

కొత్తగూటి_పిట్ట
మూడు వారాల తర్వాత రాస్తున్నా, మీ అందరికీ చెప్పకపోతే తప్పు.

బాబ్జీగారు చెప్పినట్టు ఫోన్ చేశా. ఆరు చోట్ల చేశా, అయిదింట్లో "ఉంటుంది మేడమ్". ఆరో చోట బ్రష్‌ల డ్రమ్స్ అని అడగ్గానే ఆయన ఒక్క క్షణం ఆగి "మీరు మ్యుజీషియనా?" అన్నాడు. ట్రయో, మూడు సెట్లు, డీజే లేడు. సాఫ్ట్ 260 అన్నీ కలిపి. సాఫ్ట్ తీసుకుని విడిగా ఒక్క స్ప్రిట్జ్ చెప్పా, కళ్ళముందే కలిపి ఇచ్చారు, సతీష్‌గారూ సోడా కొలత మీరు చెప్పినంతే. బ్యాండ్ పక్కన చిన్న టేబుల్. బేస్ తీగ మోగితే టేబుల్ మీద పెట్టిన నా చెయ్యికి తెలిసింది.

రెండో శనివారం మళ్ళీ అక్కడికే. ఈసారి, ఆ మొదటి బ్రంచ్‌లో పక్కన కూర్చున్న మా ఆఫీసు అమ్మాయిని రమ్మన్నా. పేరు మరియం, జార్జియా. నాలుగోసారి అడగలేదని మొన్నే చెప్పేశా, తనకీ నా పేరు వినపడలేదట ఆ రోజు. వాళ్ళ నాన్న సెల్లో వాయిస్తాడట, మూడు గంటలూ దాని గురించే. మూడో శనివారం పియానో ఆయన బ్రేక్‌లో వచ్చి నేను వేళ్ళతో టేబుల్ మీద ఏదో వాయించుకోవడం చూశానన్నాడు. వయొలిన్ సంగతి చెప్పా. ఇక్కడ ఎక్కడ కొనాలో, అద్దెకిచ్చేవాళ్ళు ఉన్నారో లేదో తనే కనుక్కుని వచ్చే వారం చెప్తానన్నాడు.

బేస్‌గిటార్_బాబ్జీ
వయొలిన్ కొనే ముందు నాకు చెప్పండి, మా బ్యాండ్‌లో ఒకాయన దగ్గర ఒకటి ఊరికే పడి ఉంది. తీగలు మార్పించి తెస్తా

ఎడారి_వాన
ఈ శనివారం మేం ముగ్గురం వస్తాం. ఒంటిగంటకేనా?

కొత్తగూటి_పిట్ట
ఒంటిగంటకి. మాల్ ఆఫ్ ది ఎమిరేట్స్ మెట్రో దగ్గర 12:30కి ఉంటా, కలిసి నడుద్దాం. కిరణ్‌గారూ మీరూ రండి

కరామా_కిరణ్
వస్తున్నా. సాఫ్ట్